మా ఇంటి మోటరు చప్పుడు

శామీర్‌పేట్ దగ్గరి మా ఊళ్ళో నేను నీళ్ళ పరీక్ష పనిలో చేరింది పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది. మహిళా సంఘం నుంచి ఒకరిని పంపమంటే, మాటకారిని కదా అని నన్ను పంపారు. ఊరు మున్సిపాలిటీలో కలిశాక ఆ పని పోయింది. కాబట్టి ఈ వయసుకే రిటైరయ్యాను, నవ్వినా సరే.

పని ఇది. ట్యాంకు దగ్గర, వాడకట్టు చివరి నల్లా దగ్గర నీళ్ళు పట్టాలి. మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. లోపల మందున్న ఇంకో చిన్న సీసా నింపి ఒక రోజు ఉంచాలి. నల్లబడితే మురికి కలిసినట్టు.

ఆ వానాకాలం ట్యాంకు నీళ్ళు బాగానే ఉన్నాయి. మా వాడకట్టు సీసా నల్లబడింది. అప్పటికే ఎదురింటి రజిత వదిన కొడుకు, ఇంకా సరిగా మాటలు రానివాడు, వాంతులు విరేచనాలతో మేడ్చల్ ఆసుపత్రిలో ఉన్నాడు. మురికి ఎక్కడ కలుస్తోందో తెలియకపోతే రేపు ఇంకో పిల్లవాడు.

ఊరికి నీళ్ళు వదిలే ఖాజా చాచా వచ్చి చూశాడు. పైపు మురికినీళ్ళ మోరీ కింది నుంచి పోతుంది, అక్కడ జాయింటు వదులైంది. పైపు నిండా నీళ్ళు పారుతుంటే ఒత్తిడికి మోరీ నీళ్ళు లోపలికి రావు. ఎవరైనా నల్లాకు మోటరు పెట్టి గుంజితే వస్తాయి. అది వినగానే నేను ఇంటింటికీ తిరిగి, పిల్లల ప్రాణాలతో ఆటలాడొద్దని గట్టిగానే చెప్పాను. మా ఇంటి ముందు మాత్రం ఆగలేదు. చిన్నప్పటి నుంచి మా మోటరు చప్పుడుకే నిద్ర లేస్తాను, అయినా అది గుర్తుకే రాలేదు.

మర్నాడు నీళ్ళు వదిలాక చాచా రజిత వదిన నల్లా తిప్పి, నన్ను అరచెయ్యి అడ్డం పెట్టమన్నాడు. నీళ్ళు రాలేదు. నల్లా నా చేతిని లోపలికి గుంజింది. అందరినీ మాట్లాడొద్దని సైగ చేశాడు. మా ఇంట్లోంచి గుర్రుమని వినిపించింది.

"గా చప్పుడు ఎవరింట్లదో నువ్వే జెప్పు బిడ్డ."

"మాదే చాచా."

రజిత వదిన అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "వాడకట్టుకంత సుద్దులు జెప్పింది. ఇంట్ల మాత్రం మోటరు నడ్వవట్టె."

మా అమ్మ బయటికొచ్చి, అందరికీ లేవా అని వాదించింది. తర్వాత ఇంకో రెండిళ్ళలో దొరికాయి కూడా. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. మోటరు నేనే ఊడదీసి చాచాకిచ్చాను. ఆ రోజే జాయింటు మార్చారు.

పిల్లవాడు కోలుకుని ఇంటికొచ్చిన రోజు నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. రజిత వదిన వాణ్ణి భుజాన వేసుకుని గడప దగ్గరికే వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"నీళ్ళు కాగవెట్టి తాపాల్నా సరితా, మామూలుగ తాపొచ్చునా? నువ్వే జెప్పాలె."

సీసా నల్లబడకుండా వచ్చేదాకా కాచి తాపమన్నాను, వాడి మొహం వైపు చూడకుండా.

ఆ తర్వాత పని ఉన్నన్నాళ్ళూ, సీసా పట్టే ముందు నల్లా మీద అరచెయ్యి పెట్టి చూసేదాన్ని. మొదట మా ఇంటి నల్లా మీద.