మంచం కింద పూలామె

నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు ఎదుటి గోడ మీద, అక్కడే పూలమ్మే ఆమె బొమ్మను ఒక చిత్రకారుడు చాలా ఎత్తున, పెద్దగా వేశాడు. తర్వాత దాన్నే యాభై ప్రింట్లు తీసి, సంతకం పెట్టి అమ్మాడు. నేనొకటి కొన్నాను. వెలుతురు తగిలితే రంగు వెలిసి విలువ పడిపోతుందని, అట్టల మధ్య పెట్టి మంచం కింద దాచాను.

ఈమధ్య ఆ గోడను కూల్చేశారు. పూలు కొంటూ, నా దగ్గర బొమ్మ భద్రంగా ఉందని ఆమెకు చెప్పాను.

"యాడ పెట్టినవ్ బిడ్డా?"

"మంచం కింద."

"అయ్యో! గన్ని దినాలు ఎండల నిలబడితి. ఇగ మంచం కింద పండవెట్టినవా?" అని పకపకా నవ్వింది.

నాకూ నవ్వాగలేదు. ఫ్రేము కట్టించి, హాల్లో ఎండ పడని గోడకు తగిలించాను. ఇంటికి రమ్మంటే, ఆదివారం ఆమె చూడటానికి వచ్చింది.

"గింత దగ్గర ఎన్నడు చూడలే. ముక్కుపుడక గూడ ఏసిండు!" అని మురిసిపోయింది.