మూకుడు అన్నం

మా ఇంట్లో ఆలుగడ్డ వేపుడు చేసిన రోజు చివరి ముద్ద మా ఆవిడది. పళ్లెంలో ముద్ద కాదు. మేం తిని లేచాక, వేపుడు చేసిన ఇనుప మూకుడు అడుగున ఇంత నూనె, కారం, మాడిన ఉల్లిపాయ ముక్కలు మిగులుతాయి కదా, వాటి మీద వేడన్నం వేసి, అంచులు గీరి కలుపుకునేది. పొయ్యి పక్కన పీట వేసుకుని ఆ మూకుడులోనే తినేది. వాసనకి నేనో పాపో వంటింట్లోకి తొంగి చూస్తే, "మీ వాటా మీరు తిన్నరు. ఇది నాది" అని మూకుడు అటు తిప్పుకునేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ అన్నం రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడైనా తినొచ్చు అనుకునే రకం నేను.

కిందటి వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. ఖమ్మం దవాఖానాకి తీసుకెళ్లాం, అక్కడి నుంచి తీసుకొచ్చాం. దాని గురించి ఇంతకంటే రాయలేను. దుఃఖం ఆపుకోలేక కాదు, సరిగ్గా గుర్తు లేక. చెవుల్లో దూది పెట్టుకుని తిరిగినట్టు తిరిగాను. వచ్చినవాళ్లు నా మొహం చూసి ఏడవడం ఆపేసి, పక్కకి పోయి ఏడ్చేవాళ్లు. "ఏడువయ్యా, గుండె తేలికైతది" అని ఒక పెద్దాయన వీపు మీద చరిచాడు. ప్రయత్నించాను కూడా. రాలేదు.

ములకలపల్లి సెంటర్లో నాది మోటార్ వైండింగ్ షాపు. అడవి అంచు పల్లెల నుంచి కాలిన బోరు మోటార్లు తెస్తారు. నల్లబడ్డ రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాను. కర్మ అయిపోయిన మర్నాడే షటర్ ఎత్తాను. చేతులు వాటి పని అవి చేశాయి, ఒక్క చుట్టు కూడా తప్పలేదు. అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ ఆ అసహ్యం కూడా పూటకంటే ఎక్కువసేపు ఉండలేదు.

మైల రోజుల్లో మా ఇళ్లలో తాలింపు పెట్టరు. చప్పిడి పప్పు, చారు. చుట్టాలు వండి తెచ్చిందే తినడం. కర్మ ముందు రోజు ఆడవాళ్లంతా కలిసి ఇల్లు కడిగారు. బట్టలన్నీ తడిపారు, గిన్నెలన్నీ పెరట్లో కుప్ప పోసి తోమారు. ఆ కుప్ప దగ్గర మా అత్త కూర్చుంది. అత్త అంటే మా ఆవిడ తల్లి. నాకు సొంత మేనత్త కూడా, మా నాన్న చెల్లెలు. కల్లూరులో ఉంటుంది. తినమన్నా లేవలేదు, మాట్లాడించినా మాట్లాడలేదు. ఇటుక పొడి, చింతపండు పెట్టి పొద్దు వాలేదాకా తోముతూనే ఉంది. పోనీలే, ఏదో ఒక పనిలో ఉంది అనుకున్నాం.

పాప తొమ్మిదో తరగతి. దానికి అన్నిటికంటే ఇష్టం ఆలుగడ్డ వేపుడు. ఆ సంగతి నాకు గుర్తుకు రావడానికి చాలా రోజులు పట్టింది. వాళ్లమ్మ పోయాక అది ఇంత పెరుగన్నం కలుపుకుని, సగం వదిలేసి లేచేది. నేను చూసేవాణ్ని. చూస్తూ ఊరుకునేవాణ్ని. నేను వండే పప్పు నాకే మింగుడుపడేది కాదు, పిల్లనేం అనను?

ఒకరోజు పొద్దున బడిలో ప్రార్థన జరుగుతుంటే పాప కళ్లు తిరిగి పడిపోయింది. హెడ్‌మాస్టరు ఫోన్ చేస్తే వెళ్లి తీసుకొచ్చాను. డాక్టరు చూసి, రోగమేం లేదు, తిండి లేదు అన్నాడు. ఆ మాట ఆ సాయంత్రానికే కల్లూరు చేరింది. అత్త ఫోన్ చేసింది.

"ఆదివారం వస్తున్నా. పిల్లను నాతోటి తీసుకపోత. ఇక్కడ బడి లేదా? నేను లేనా?"

వద్దు అనాలి. కన్నకూతుర్ని పంపించేస్తే ఇక నేను ఇంటికి రావడం ఎందుకు? షాపులోనే చాప వేసుకుని పడుకోవచ్చు. అంత తెలిసీ, "సరే అత్తా" అన్నాను. పాపతో చెబితే అది పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "నీ ఇష్టం నాన్నా" అంది. మాకిద్దరికీ ఇష్టాలంటూ ఏమైనా మిగిలితే కదా.

శుక్రవారం సాయంత్రం షాపు పెందలాడే మూసి, దారిలో ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు కొన్నాను. ఎందుకు కొన్నానో నడుస్తూ నడుస్తూ తెలిసింది. పిల్ల వెళ్లేలోపు ఒక్కసారైనా కడుపు నిండా తినాలి. తింటే వాళ్ల అమ్మమ్మకి ఏదైనా చెప్పుకోవచ్చు. తినకపోతే నా దగ్గర చెప్పడానికేం లేదు.

ఫోన్లో ఒక వీడియో చూశాను. అందులో ఒకామె గాజులు గలగలలాడిస్తూ, నవ్వుతూ, బంగాళాదుంపల వేపుడు ఎంత సులువో చెప్పింది. ఆమె చెప్పినట్టే ముందు ఉల్లిగడ్డలు తరిగాను. ఘాటుగా ఉన్నాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి. చూస్తే గుమ్మం దగ్గర పాప నిలబడి ఉంది.

"ఏడుస్తున్నవా నాన్నా?"

"లేదురా. ఉల్లిగడ్డ."

"ఓ" అంది. దాని మొహంలో ఏదో ఆశ వచ్చి పోయింది. నేను ఏడుస్తున్నానంటే దానికి బాగుండేదని అప్పుడు అర్థమైంది. కానీ లేని ఏడుపు ఎక్కడి నుంచి తేను?

మూకుడు పొయ్యి మీద పెట్టి నూనె పోసి, ఉల్లిపాయలు, ఆలుగడ్డ ముక్కలు అన్నీ వేశాను. ఉప్పు వేశాను, మూత పెట్టాను. కాసేపటికి తీస్తే ముక్కలన్నీ అడుక్కి అతుక్కుపోయి ఉన్నాయి. గరిటెతో పెళ్లగిస్తే పైన ముద్ద, కింద బొగ్గు. పాప దగ్గరికొచ్చి మూకుడులోకి చూసింది.

"మూకుడు తెల్లగైంది నాన్నా."

అప్పుడు చూశాను. సంత రోజున కమ్మరి దగ్గర కొన్న మూకుడు అది, పెళ్లయిన కొత్తలో. మా ఆవిడ దానికి ఏనాడూ సబ్బు తగలనివ్వలేదు. గుడ్డతో తుడిచి, నూనె రాసి, మేకుకి తగిలించేది. వంటింట్లో నేను తిన్న తిట్లన్నీ ఆ మూకుడు వల్లే. సాయం చేద్దామని ఒకసారి సబ్బు పెట్టబోతే ఊరంతా వినపడేలా అరిచింది. వాడి వాడి లోపలంతా నల్లగా, నున్నగా తయారైంది. గింజ అంటుకునేది కాదు. ఇప్పుడు అది కమ్మరి దగ్గర నుంచి అప్పుడే తెచ్చినట్టు తెల్లగా, గరుకుగా ఉంది.

"అమ్మమ్మ తోమింది. నేను చూసిన" అంది పాప.

ఒళ్లు మండింది. ఇన్ని రోజుల్లో నాకు వచ్చిన మొదటి గట్టి కోపం అది. మైల పోవాలంటే కంచాలు తోమాలి, చెంబులు తోమాలి. ఇనుప మూకుడుకి మైలేంది? కల్లూరులో ఇంట్లో మూకుళ్లు లేవా ఆమెకి, తోమకూడదని తెలియడానికి? పాప ఆ ముద్ద రెండుసార్లు నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి మూడోసారి కూడా పెట్టుకుని, నీళ్లు తాగి లేచింది.

శనివారం కోపం దిగమింగి అత్తకి ఫోన్ చేశాను. వేపుడు ఎలా చేయాలని అడిగాను. మా ఆవిడకి నేర్పింది ఆమే కదా.

"రేపు వస్తున్న కదా" అని పెట్టేసింది.

చెప్పదు, ఎందుకు చెబుతుంది అనుకున్నాను. పిల్ల నా దగ్గర తింటే ఆమెకి ఏం మిగులుతుంది? కూతురు పోయింది, మనవరాలైనా ఉండాలనుకుంటుంది. ఆమె చోట నేనున్నా చెప్పను.

ఆదివారం పొద్దున బస్సు దిగి వచ్చింది. చేతిలో పెద్ద సంచి, ఖాళీది. పాప బట్టలు పెట్టుకోవడానికి. సంచి కుర్చీ మీద పెట్టి, కాళ్లు కడుక్కుని, నేరుగా వంటింట్లోకి పోయి మేకుకున్న మూకుడు దించింది. ఊరుకుందామనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"నువ్వు తోమి పాడు చేసినవు అత్తా దాన్ని. ఇనుప మూకుడు తోమొద్దని నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిస్తే మరెందుకు తోమినవు? మైలనా?"

"మైల లేదు, మన్ను లేదు." మూకుడు అడుగు అరచేత్తో రుద్దుతూ అంది. "ఆ నలుపంతా నా బిడ్డ చెయ్యే కదా. చూడలేకపోయిన. కనపడకుండ పోతే బాగుండుననిపించింది. తోమినకొద్దీ ఇంకా ఉన్నది. పోయినంక చూసుకుంటే ఇంకేం లేదు."

ఏడుస్తూ చెప్పలేదు. ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది. నాలాగే ఏడుపు రాని మనిషి ఇంకొకరున్నారని అప్పుడు తెలిసింది. నా కోపం ఎటు పోయిందో పోయింది.

పీట వాల్చుకుని కూర్చుంది. "నేను చెయ్యను. నువ్వే చెయ్యి" అంది. "నేను చేసి పెడితే రేపు ఎవరు చేస్తరు?"

రేపు పాప కల్లూరులో కదా ఉండేది, అనబోయి ఆగిపోయాను.

ముందు మూకుడు పొగ వచ్చేదాకా కాచమంది. సగం కోసిన ఉల్లిగడ్డని నూనెలో ముంచి లోపలంతా రుద్దమంది. ఆలుగడ్డ తొక్కలు వేసి నల్లగా మాడ్చి పారబోయించింది. మళ్లీ నూనె, మళ్లీ తొక్కలు. ఇల్లంతా పొగ. పాప దగ్గుకుంటూ వచ్చి కిటికీ తీసి, పోకుండా అక్కడే నిలబడింది.

ముక్కలు గోరంత కోసి, తెల్లనీళ్లు పోయేదాకా కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టాలట. నేను కడగనేలేదు. ముక్కలు వేశాక కదపకూడదట. నేను గరిటె పట్టుకుంటే చేతి మీద కొట్టింది.

"ఆగవయ్యా. వేగితే అవే వదులుతయి. ఊకె కెలికితే ముద్దైతది."

"మూత?"

"మూత పెడితే ఉడుకుతయి, వేగవు."

ఉల్లిపాయలు ముందు వేయకూడదు, వాటి నీళ్లకి ముక్కలు మెత్తబడతాయి. ముక్కలు ఎర్రబడ్డాకే వేయాలి. ఉప్పు చివరన. దించే ముందు దంచిన వెల్లుల్లి, కారం. నాకు మోటార్లు నేర్పిన మేస్త్రీ కూడా ఇంత కోపంగా నేర్పలేదు. మా ఆవిడ తువ్వాలు మీద ముక్కలు ఎందుకు పరిచేదో, ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుని ఎందుకు ఆగేదో ఇన్నేళ్లూ కళ్ల ముందే జరిగింది, నేను చూడలేదు. నాకు వేపుడు పళ్లెంలోకి వచ్చాకే తెలిసేది.

ముక్కలు నిజంగానే వాటంతట అవే వదిలాయి. గరిటె కింద గలగలమన్నాయి. పాప కిటికీ దగ్గర నుంచి వచ్చి పొయ్యి పక్కన నిలబడి, ఒక ముక్క ఊదుకుని నోట్లో వేసుకుంది. తనే పళ్లెం తెచ్చుకుంది.

అత్తా నేనూ ఎదురుగా కూర్చుని దాన్నే చూశాం. వేపుడు కలుపుకుని తింది. మళ్లీ అన్నం పెట్టుకుంది. "ఇంకొంచెం వెయ్యి అమ్మమ్మా" అంది. అత్త గిన్నెలోంచి వేసింది, వేసి మొహం గోడ వైపు తిప్పుకుంది. పిల్ల తింటున్నందుకు సంతోషమో, ఇక తనతో రాదని తెలిసో. రెండూ అయి ఉంటాయి.

అత్త మధ్యాహ్నం బస్సుకే బయల్దేరింది. పాప బట్టల ఊసే ఎత్తలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మిగిలిన వేపుడు డబ్బాలో పెట్టియ్యి" అంది. గిన్నెలో ఉన్నదంతా పెట్టాను. ఖాళీ సంచి అడుగున ఆ డబ్బా పెట్టుకుంది.

"నా బిడ్డ చేతి రుచి కాదు" అంది. "అయినా అడిగి తీసుకపోతున్న."

బస్సెక్కించి ఇంటికొచ్చాను. వంటింట్లో మూకుడు ఇంకా పొయ్యి మీదే ఉంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కాదు, ఆకలేసింది. ఎన్నాళ్లకో వేసింది. చూస్తే వేపుడు గిన్నె ఖాళీ, అన్నం మాత్రం ఉంది. మూకుడు అడుగున ఇంత నూనె, కారం, మాడిన ఉల్లిపాయలు. పొయ్యి వెలిగించి మూకుడు వేడి చేశాను. అన్నం వేసి, అంచులు గీరి కలిపి, దించుకుని పీట మీద కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఇన్నేళ్లూ మమ్మల్ని దగ్గరికి రానివ్వకుండా తిన్నది ఇదన్నమాట. దొంగది, మంచిదంతా తను దాచుకుంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ మాట ఆమెతో అందామని పక్కకి తిరిగాను. ఆమె లేదు. తిరిగి రాదు. ఆ సంగతి అందరూ నాకు వానాకాలమే చెప్పారు, నాకు ఇప్పుడు తెలిసింది. మూకుడు ముందు పెట్టుకుని భోరుమన్నాను.

పాప పరుగున వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఉల్లిగడ్డనా నాన్నా?"

"కాదురా."

అది వచ్చి నాకెదురుగా నేల మీద కూర్చుంది. కాసేపు నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మూకుడు తన వైపుకి కొంచెం లాక్కుని, "అమ్మ వాటాలోంచి నాకు కూడా పెట్టు" అంది. ఒక ముద్ద దాని నోట్లో పెట్టి, ఒకటి నేను తిన్నాను.