బాల్కనీలో మా వరుస

మా ముత్తాత రఘునాథపల్లి వైపు మూడూళ్ల మక్తేదారు. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతుల మీదుగా పోయేది, తగువులు ఆయన అరుగు మీద తెగేవి. మక్తాలు రద్దయ్యాక వచ్చిన పరిహారంతో మా తాత వరంగల్‌లో సినిమా థియేటర్ కట్టించాడు. సినిమా పెద్దలు ఎవరు ఊరికి వచ్చినా భోజనం మా ఇంట్లోనే. మా నాన్న ఆ థియేటర్‌ను చివరి ఆట దాకా నడిపాడు. నేను ఆయన కొడుకును. హనుమకొండలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. ఇతరుల సినిమా కథలకు లాగ్‌లైన్లు దిద్దుతుంటాను.

లాగ్‌లైన్ అంటే సినిమా కథను ఒక్క వాక్యంలో చెప్పడం. కథంతా వినే తీరిక లేని నిర్మాతలు ముందు దాన్నే చదువుతారు. ఈ పేరు నేను ఆలస్యంగా విన్నాను గానీ పని చిన్ననాటి నుంచీ తెలుసు. కొత్త సినిమా వేసినప్పుడల్లా మైకు కట్టిన జీపు అటు స్టేషన్ ఘన్‌పూర్ దాకా, ఇటు కేసముద్రం దాకా తిరిగేది. జీపు ఊరు దాటేలోపు జనం చెవిన పడేది ఒక్క వాక్యమే. దాన్ని మొదట తాత రాసేవాడు, తర్వాత నాన్న, ఆ తర్వాత నేను. ఎవరి కథ, ఆ మనిషికి ఏం కావాలి, దానికి ఏది అడ్డం, ఇవి ఉండాలి. చివరికి ఏమైందో ఉండకూడదు. నా దగ్గరికి వచ్చే కుర్రకారుకు ఇప్పుడూ అదే చెబుతాను. డబ్బు తీసుకోను. సలహాకు డబ్బు తీసుకోవడం మా ఇంటా వంటా లేదు.

పోయిన వానాకాలం మా అక్క కూతురు వచ్చింది. సినిమాలు రాస్తానని కాలేజీలో ఉద్యోగం మానేసిన పిల్ల. హైదరాబాద్‌లో ఒక నిర్మాత ఆఫీసు లాగ్‌లైన్ పంపమందట. అది నచ్చితేనే స్క్రిప్ట్ చదువుతారు. ఈసారి కూడా కాకపోతే మళ్లీ ఉద్యోగంలో చేరతానని తల్లికి మాటిచ్చి వచ్చింది. స్క్రిప్ట్ మా థియేటర్ గురించే.

ఆమె రాసుకొచ్చిన వాక్యం ఇది: "ఒక పాత థియేటర్ మూతపడుతుంది, దాన్ని కట్టిన కుటుంబం చెదిరిపోతుంది."

ఇది పేపర్లో వార్త, కథ కాదన్నాను. థియేటర్‌కు ఏ కోరికా ఉండదు, మనిషిని పెట్టమన్నాను. అయితే ఆ మనిషిని నువ్వే పెట్టు అంది. నేను రాశాను: "తండ్రి కట్టిన థియేటర్‌ను నిలబెట్టుకోవడానికి ఒక పెద్దమనిషి కాలంతో పోరాడతాడు." నాకు బాగానే ఉందనిపించింది. ఆమె చివరి మాట మీద వేలు పెట్టింది.

"తాత ఎవలతోని కొట్లాడిండు మామా?"

ఆమె తాత, అంటే మా నాన్న, ఎవరితోనూ పోరాడలేదు. పెళ్లిళ్లకు హాలు ఇమ్మంటే ఇవ్వలేదు. హాలును రెండు తెరలుగా చేసి కుర్చీలు మారుద్దామని వచ్చిన వాళ్లను కూర్చోమని కూడా అనలేదు. రోజూ ఇస్త్రీ బట్టలు వేసుకుని మ్యాట్నీకి వచ్చేవాడు, బాల్కనీలో మా వరుసలో కూర్చునేవాడు.

ఏ వరుస అని అడిగింది. బాల్కనీలో మొదటి వరుస మా కుటుంబానిదని చెప్పాను. ఆ కుర్చీలకు ఎప్పుడూ తెల్ల గలేబులు తొడిగి ఉండేవి. హౌస్‌ఫుల్ బోర్డు పెట్టిన రోజున కూడా ఆ వరుసకు టికెట్ అమ్మలేదు. మేం రాకపోతే ఖాళీగా ఉండేది. టార్చిలైటు పట్టుకుని జనాన్ని కూర్చోబెట్టే గేట్‌కీపర్‌ది ఆ వరుస కాపలా కూడా.

చివరి ఆట సంగతి కూడా చెప్పాను. ఆ రోజు హాల్లో జనం పలచగా ఉన్నారు. నాన్న వెనక్కి తిరిగి గేట్‌కీపర్‌ను పిలిచాడు, తన పక్క కుర్చీ గలేబు తానే తీశాడు, కూర్చోమన్నాడు. అతను కదల్లేదు.

"కూసుంటె నిద్రొస్తది దొరా. నిలవడే సూస్త" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో. అంత విశ్వాసం గల మనిషి అని.

మేనకోడలు అప్పటికే రాస్తోంది. "హౌస్‌ఫుల్ రోజున కూడా తన వరుస కుర్చీలు అమ్మని థియేటర్ యజమాని, చివరి ఆటకు పక్కన కూర్చునే ఒక్క మనిషి కోసం వెతుక్కుంటాడు." ఇక ముట్టుకోవద్దన్నాను. అందులో నాన్న కనిపించాడు. ఇస్త్రీ మడతతో సహా కనిపించాడు. ఆమె పంపింది.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఫోన్‌లో చెప్పలేక బస్సెక్కి వచ్చానంది. ఆఫీసు వాళ్లకు వరుస నచ్చిందట, మనిషి నచ్చలేదట. కథ గేట్‌కీపర్‌ వైపు నుంచి రాస్తే చూస్తామన్నారు. ఎందుకని అడిగాను.

"దొర ఏడిస్తె చూసేటోళ్లు ఎవలేడుస్తరమ్మా అన్నరు మామా" అంది. "నీకు ఇష్టం లేకుంటె ఇడిసిపెడ్త. జాబ్‌కు పోత, ఫికర్ లేదు" అంది.

ఇష్టం లేదనే అనబోయాను. తాతల నాటి నుంచి మా వాక్యాలు మేమే రాసుకున్నాం, వాటిలో ఎవరు ముందుండాలో మరొకరు చెప్పలేదు. కానీ కాగితం నా ముందుంది, చెయ్యి తన అలవాటున అదే ప్రశ్న వేసింది. గేట్‌కీపర్‌కు ఏం కావాలి? ఏది అడ్డం? ఆమెకు తెలియదు. వాళ్లమ్మకూ తెలియదు. నాకు తెలుసు.

ఒక పండుగ సినిమా మొదటి రోజు. హాలు కిటకిటలాడుతోంది, మెట్ల మీద కూడా జనమే. గేట్‌కీపర్ భార్య నిండు నెలలతో వచ్చింది. అతను టార్చి వేసి ఆమెను మా వరుస పక్క స్తంభం దాకా తీసుకొచ్చి అక్కడ నిలబెట్టాడు. ఇంటర్వెల్‌లో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆట అయిపోయేదాకా ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడే చూసింది. ఆ ఆటకు మా వరుసలో నేనొక్కడినే ఉన్నాను. అతను అడగలేదు. అడిగితే నాన్న ఏమనేవాడో నాకు తెలియదు.

ఇదంతా చెబుతుంటే మేనకోడలు రాయడం ఆపేసింది. పెన్ను నేనే తీసుకున్నాను. "యజమాని" అన్న మాటను వాక్యం ముందు భాగంలోంచి కొట్టేశాను. "నిండు నెలల భార్యను ఖాళీ వరుస పక్కనే నిలబెట్టాల్సి వచ్చిన గేట్‌కీపర్‌ను, థియేటర్ చివరి రోజున యజమాని అదే వరుసలో కూర్చోమంటాడు." ఇంతకంటే మంచి లాగ్‌లైన్ నేను రాయలేదు. అందులో నాన్న రెండో మనిషి. గలేబు తీసిన ఆయన చెయ్యి వాక్యంలో పట్టలేదు.

"కూసున్నడా లేదా చెప్పొద్దు కద మామా?" అంది.

"చెప్పొద్దు" అన్నాను.

స్క్రిప్ట్ మొత్తం పంపమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. గేట్‌కీపర్ ఈ లోకంలో లేడు, నాన్నా లేడు, వద్దనడానికి ఎవరూ లేరు. నిన్న ఫోన్ చేసి ఆ వరుస కుర్చీలు ఇప్పుడెక్కడున్నాయని అడిగింది, సినిమాలో చూపించడానికి. చెప్పాను. థియేటర్ స్థలం అమ్మిన నెలలోనే బాల్కనీ కుర్చీలన్నిటినీ, మా వరుసతో కలిపి, స్టేషన్ ఘన్‌పూర్‌లో పెళ్లిళ్లకు ఫంక్షన్ హాలు కట్టిన ఆయన కొనుక్కుపోయాడు.