యాదమ్మ వేలు ఎవరి సొత్తు?

పనికి వచ్చి ఎదురుగా నిలబడ్డ మనిషిని రాలేదని రాసుకున్నారు.

2009 ఆషాఢం. నాచారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో నేను టైమ్‌కీపర్‌ని, అంటే గేటు దగ్గర హాజరు చూసేవాణ్ణి. అదివరకు ఒక్కొక్కరికీ అంకె కొట్టిన ఇత్తడి బిళ్ల ఉండేది. లోపలికి పోతూ కొక్కేనికి తగిలించేవాళ్లు. పని మానేస్తే నా చేతిలో పెట్టి పోయేవాళ్లు. ఆ ఏడు బిళ్లలు తీసేసి బయోమెట్రిక్ మిషన్ పెట్టారు. వేలు ఆనిస్తే మనిషిని గుర్తుపడుతుందట. నీకిష్టమేనా అని ఎవరినీ అడగలేదు. పశువులకు ముద్ర వేసినట్టు వరుసలో నిలబెట్టి వేళ్లు పట్టించారు.

మేడిపల్లి నుంచి వచ్చే యాదమ్మ బోనాల పండక్కి మైదాకు, అదే గోరింటాకు, పెట్టుకుంది. మా ఆడవాళ్లు వేళ్ల కొసలకు టోపీల్లా నిండుగా తొడుగుతారు. ఎర్రగా పండిన ఆ వేళ్లను మిషన్ ఒప్పుకోలేదు.

"ఏందన్నా, దీనికి నా మైదాకు మీద కుళ్లా?" అని నవ్వింది.

"మొగడు మంచోడైతేనే గంత ఎర్రగ పండుతదని దానికేమెరుక? పెండ్లి కాని మిషనాయె!" అంది వెనకామె.

మేనేజర్ నవ్వలేదు. "రుద్దుకుని రామ్మా. మిషన్ తీసుకోకపోతే నువ్వు రానట్టే."

"ఈడనే ఉన్న గద సార్! కండ్లు లేవా మీకు?"

"ఈమెను నేనెరుగుదును, సంతకం పెడతాను" అన్నాను.

"మీ సంతకం ఇక చెల్లదు."

యాదమ్మ ఇటుకరాయితో రుద్దుకుంది. రంగు పోలేదు, తోలు లేచింది. అయినా రోజూ వచ్చింది, రోజూ గేటు నుంచే వెనక్కి పంపారు. చివరకు చెప్పకుండా మానేసిందని పేరు కొట్టేశారు!

పోతూ నన్నడిగింది: "బిళ్లయితే వాపసిచ్చి పోతుంటిమి. నా వేలిముద్ర గా మిషన్ డబ్బల్నే ఉండె గదనే అన్నా. అది తీసెయ్యమని జెప్పు."

నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ చదువుతోనే ఆమె వేలిముద్ర తీసెయ్యమని ఆమె తరఫున పెద్ద ఆఫీసుకు రాశాను, మళ్లీ మళ్లీ రాశాను. హాజరంటే మనిషిని చూడడమని అన్నేళ్లూ నమ్మినవాణ్ణి. మనిషిని చూడకుండా ఉండడానికే ఆ మిషన్ తెచ్చారని అప్పుడు తెలిసింది. ఎట్టకేలకు జవాబొచ్చింది:

"సదరు యాదమ్మ స్వయంగా హాజరై, మిషన్ మీద వేలు ఆనించి, తానే యాదమ్మనని రుజువు చేసుకున్న యెడల మీ కోరిక పరిశీలించబడును."