నాచారం రిజిస్టర్‌లో పదకొండు సంతకాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. తొమ్మిదేళ్లు ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేశాను. పక్క గదిలో జువాలజీ వాళ్ల అస్థిపంజరం ఉండేది. పిల్లలు ఆ గుమ్మం దాటాలంటే ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకునేవాళ్లు. నేను దాని భుజానికి హ్యాండ్‌బ్యాగ్ తగిలించి, ఎదురుగా కూర్చుని క్యారేజీ తినేదాన్ని. అలాంటిదాన్ని ఇవాళ ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది తణుకు దగ్గర. పిల్లలు చేరడం తగ్గి కాలేజీ మూసేశారు. అప్పటికి నాకు ముప్ఫై ఆరు. పెళ్లి చేసుకోలేదు, చేసుకోవాలనీ అనిపించలేదు. ఉండేది అన్నయ్య ఇంట్లో. ఉద్యోగం పోయిన నెల తిరక్కుండానే ఇంట్లో పనులు ఒక్కొక్కటీ నా చేతికి వచ్చాయి. పిల్లల క్యారేజీలు, బట్టలు, గ్యాస్ బండ, కరెంటు బిల్లు. వదిన చెడ్డది కాదు, అన్నయ్య అంతకన్నా కాదు. "ఎలాగూ ఖాళీయేగా" అనేవాళ్లు. ఆ ఒక్క మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంకో ఏడాది ఇలా గడిస్తే నేను ఆ ఇంటికి రెండు చేతులుగా మిగులుతాను తప్ప మనిషిగా మిగలనని భయం వేసింది.

హైదరాబాద్ వెళ్తానన్నాను. ఉద్యోగం ఏదైనా చూసుకున్నావా అని అడిగాడు అన్నయ్య. లేదు, వెళ్లాక చూసుకుంటానన్నాను.

"నేల విడిచి సాము చేస్తానంటావు."

"ఉన్న నేలేదో చూపించు, విడవకుండా చేస్తాను" అన్నాను.

మొదటి నెల హబ్సిగూడలో ఆడపిల్లల హాస్టల్లో ఉన్నాను. అందరూ కోచింగ్ పిల్లలు. నన్ను చూసి ఎవరికో అమ్మననుకునేవాళ్లు. నెల తరవాత చిల్కానగర్‌లో ఒక గది దొరికింది. మేడ మీద గది, ముందు రేకుల వసారా. ఇంటివాళ్లు ఎప్పటి నుంచో అక్కడివాళ్లే. ఇంటాయన మల్లేశం అన్న చిన్నప్పుడు పొలం దున్నిన చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఆయన నారపల్లి వైపు కొత్త వెంచర్లలో బోర్లు వేయించే పని చూసుకుంటాడు. భార్య యాదమ్మ.

ఆదివారం సామాను దించుతుంటే యాదమ్మ మెట్ల దగ్గర నిలబడి అడిగింది. "ఒక్కదానివేనా బిడ్డా? కంపిని ఏడ? ఏమనుకోకు, కిరాయికిచ్చెటోళ్లం గదా, అడగాలె మరి."

ఉద్యోగం లేదంటే ఆ సామాను అట్నించటే వెనక్కి ఎక్కించాలి. అంతకు ముందు మూడు ఇళ్ల దగ్గర అదే జరిగింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో తిరుగుతున్నప్పుడు ఒక సందులో నీళ్ల పరీక్షలు చేసే చిన్న ల్యాబ్ బోర్డు చూసి ఉన్నాను. నోటికి అదే వచ్చింది. "నాచారంలో అక్కా, నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో చేస్తున్నాను" అన్నాను.

"మంచిగున్నది" అని యాదమ్మ తాళం చేతిలో పెట్టింది.

మర్నాటి నుంచి రోజూ ఎనిమిదింటికి క్యారేజీ కట్టుకుని, ఉద్యోగానికి వెళ్లేదానిలాగే బయల్దేరేదాన్ని. ఫ్యాక్టరీలున్న చోట ల్యాబులుంటాయి, ల్యాబులున్న చోట నాలాంటి వాళ్ల అవసరం ఉంటుంది, ఇదీ నా లెక్క. నాచారం నుంచి మల్లాపూర్ దాకా గేటు గేటూ తిరిగాను. లోపలికి వెళ్తే ఏం చెప్పాలో దారి పొడవునా వల్లె వేసుకునేదాన్ని. "రెండు వారాలు జీతం లేకుండా చేస్తాను. నా పని చూడండి. నచ్చకపోతే పంపెయ్యండి." కానీ ఆ మాట వినే మనిషి దాకా నన్ను వెళ్లనిస్తేగా? సెక్యూరిటీ వాళ్లందరిదీ ఒకటే పాట. "ఆన్‌లైన్ల అప్లై జేస్కోండ్రి మేడం."

ఒక్క గేటు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఆ నీళ్ల ల్యాబ్ గేటు. పనిచేస్తున్నానని అబద్ధం చెప్పిన చోటికే వెళ్లి పని అడగడానికి మొహం చెల్లలేదు. వాళ్లూ పొమ్మంటే నా అబద్ధం నా కళ్ల ముందే నగ్నంగా నిలబడుతుంది. అందుకే ఆ సందు రాగానే రోడ్డు దాటి అవతల వైపు నడిచేదాన్ని.

రెండో వారం బుధవారం అన్నయ్య ఫోన్ చేశాడు. ఆదివారం కారు వేసుకుని వస్తున్నానని, సామాను సర్దుకోమని అన్నాడు. ఇంక నీ పట్టుదల చాలమ్మా అన్నాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. అంత మెత్తగా చెప్పేసరికి ఊఁ అని ఫోన్ పెట్టేశాను. శనివారం సాయంత్రం దాకా టైముందిగా అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి మల్లేశం అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే మొహం అదోలా పెట్టాడు.

"ఏం పద్మజమ్మా, పనిల ఉంటే మనుషులు గానరారా ఏంది? పొద్దుగాల మీ ల్యాబుకొచ్చిన, బోరు నీళ్లు తీస్కొని. సీస నువ్వే తీస్కున్నవ్. నేనే మల్లేశంనమ్మా అంటే, ఎవలో తెల్వనట్టు సూస్తివి."

లోపల్నుంచి యాదమ్మ అంది. "డ్యూటీల ఉన్నది గదా, నీతోని ముచ్చట వెట్టుకుంట కూసుంటదా?"

నా అబద్ధం బయటపడిందని, ఆయన నన్ను ఆట పట్టిస్తున్నాడని అనుకున్నాను. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆయన జేబులోంచి ఒక చీటీ తీసి చూపించాడు. శాంపిల్ తీసుకున్నట్టు ల్యాబ్ వాళ్లు ఇచ్చే చీటీ.

దాని మీద రాత నాది.

నా రాత ఎలాంటిదో చెప్పాలి. కాగితం పైన మధ్యలో చిన్నగా శ్రీ రాస్తే తప్ప నాకు కలం సాగదు, నాన్న నేర్పిన అలవాటు. ఏడు అంకెకి నడుము దగ్గర అడ్డగీత గీస్తాను. చీటీ మీద శ్రీ ఉంది. తేదీలో ఉన్న ఏడుకి అడ్డగీత ఉంది. కింద నా పొట్టి సంతకం ఉంది. సమయం పదకొండు నలభై అని ఉంది. ఆ సమయానికి నేను మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర విజిటర్ల పుస్తకంలో పేరు రాస్తున్నాను. తరవాత పనిగట్టుకుని వెళ్లి ఆ పుస్తకం చూసుకున్నాను. పదకొండు ముప్ఫై ఐదు. అక్కడికీ ల్యాబ్‌కీ నడిస్తే అరగంట దూరం.

అబద్ధం ఎందుకు, భయపడ్డాను. కానీ తెల్లారేసరికి భయం కన్నా కోపం ఎక్కువైంది. నా పేరు పెట్టుకుని, నా సంతకం చేస్తూ, నాకు దొరకని ఉద్యోగం చేస్తోందా? ఎవరో ఏమిటో ఇవాళ తేల్చుకోవాల్సిందేననుకున్నాను. శనివారం పొద్దున్నే రోడ్డు దాటకుండా నేరుగా ఆ సందులోకి నడిచాను.

గేటు దగ్గర పెద్దాయన నన్ను ఆపలేదు. కుర్చీలోంచి కూడా లేవలేదు. "ఏంది మేడం, ఇయ్యాల లేటయింది? జల్ది పోండ్రి, పెద్దమేడం అడుగుతున్నరు" అన్నాడు.

ఇన్ని వారాల్లో నాకు తెరుచుకున్న మొదటి గేటు అదే. మెట్లెక్కాను. గుమ్మం పక్కన బల్ల మీద హాజరు రిజిస్టర్ ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు, మళ్లీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు. మొత్తం పదకొండు సంతకాలు. మొదటిది నేను యాదమ్మకు అబద్ధం చెప్పిన మర్నాటిది. ఆ శనివారం గడి ఇంకా ఖాళీగా ఉంది. కొక్కేనికి తెల్లకోటు ఒకటి వేలాడుతోంది. మనిషి మాత్రం లేదు.

ల్యాబ్ చూసుకునే విజయ మేడమ్ తన గదిలోకి పిలిచారు. యాభై దాటిన మనిషి, సూటిగా మాట్లాడతారు.

"రండి పద్మజ గారూ. రెండు వారాలు జీతం లేకుండా చేస్తాను, పని చూడండి అన్నారు. ఇవాళ్టితో అయిపోయాయి. మీ పక్క బల్ల సరిత కూడా ఇవాళ్టి నుంచి డెలివరీకి సెలవు పెట్టింది. నాకు మనిషి కావాలి, మీరు కావాలి. ఒక్కటే నా గొడవ. వర్క్‌షీట్ మీద శ్రీ రాయొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఆడిట్‌కొచ్చినవాళ్లు నా ప్రాణం తీస్తారండీ."

నేను వల్లె వేసుకున్న మాటలు ఆవిడ నోట అక్షరం పొల్లు పోకుండా విన్నాను. ఒక్క గేటు దగ్గర కూడా బయటికి చెప్పుకోలేకపోయిన మాటలవి.

మేడమ్, నేను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి అని చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే పిచ్చిదనుకుని పంపేస్తారు, రేపు అన్నయ్య కారు వస్తుంది. చెప్పకపోతే ఎవరో కష్టపడి సంపాదించిన ఉద్యోగం నేను ఎత్తుకుపోయినట్టు అవుతుంది. అది కూడా నాకు మింగుడు పడలేదు. నా చేత్తో నేను సంపాదించుకోవాలనేగా ఇల్లు వదిలి వచ్చింది!

"నిన్నటి శాంపిల్ ఒకటి మళ్లీ చేస్తాను మేడమ్. షీటు చూడను. మీరే పోల్చి చూడండి" అన్నాను.

ఆవిడ వింతగా చూసి, సరే అన్నారు. మల్లేశం అన్న తెచ్చిన బోరు నీళ్లే ఇచ్చారు. నీళ్లలో హార్డ్‌నెస్ ఎంతుందో చూసే పరీక్ష, వేలసార్లు పిల్లల చేత చేయించాను. బ్యూరెట్ గొట్టంలోంచి మందు చుక్కచుక్కగా వదులుతుంటే ఫ్లాస్కులో ద్రాక్షరంగు నీళ్లు ఒక్క చుక్కకి నీలం అయిపోతాయి. ఆ చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. ఆగింది. రీడింగ్ చూశాను. పద్నాలుగు పాయింట్ ఏడు.

మేడమ్ నిన్నటి షీటు తిప్పి చూపించారు. పద్నాలుగు పాయింట్ ఏడు. ఏడుకి అడ్డగీత. "ఇంత అనుమానం పనికిరాదమ్మా" అని నవ్వారు.

నేను తెల్లకోటు తొడుక్కున్నాను. నాకు సరిగ్గా సరిపోయింది. రిజిస్టర్‌లో పన్నెండో సంతకం చేశాను. అది నేను చేసింది.

మర్నాడు అన్నయ్య వచ్చాడు. కాఫీ ఇచ్చి, ఉద్యోగం దొరికిందని చెప్పి, యాదమ్మ చేసిన సకినాలు పొట్లం కట్టి పంపించాను. ఖాళీ కారుతో వెళ్తూ "నీది ఉడుంపట్టే" అన్నాడు. అంతకన్నా మంచి మాట అతను నన్నెప్పుడూ అనలేదు.

ఆ రెండు వారాలు వచ్చిన మనిషి మళ్లీ రాలేదు. నా పోలికలున్న మనిషి ఎవరైనా ఆ చుట్టుపక్కల ఉందేమోనని చాలా రోజులు చూశాను. కెమెరా గేటు దగ్గర ఒకటే ఉంది, పదిహేను రోజులు దాటితే అందులో బొమ్మలు చెరిగిపోతాయి. ఆ పదిహేను రోజుల్లో అడిగి ఉండాల్సింది. అడగలేదు. చూడ్డానికి ధైర్యం చాల్లేదని ఒప్పుకుంటాను. ఏడాది తరవాత విజయ మేడమ్‌కు మొత్తం చెప్పాను. ఆవిడ అంతా విని, బీపీ చూపించుకోమన్నారు. చూపించుకున్నాను. బాగానే ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే నేను దీన్ని ఏదో ఒక పొరపాటు కింద కొట్టేసేదాన్ని, ఇది రాసేదాన్ని కూడా కాదు.

మొన్న మధ్యాహ్నం సరిత వచ్చింది, పాపను అందరికీ చూపించడానికి. పాపకిప్పుడు రెండేళ్లు. కాన్పు తరవాత సరిత మళ్లీ ఉద్యోగంలో చేరలేదు, రామంతాపూర్‌లో ఉంటోంది. నేను ఆమెను చూడటం అదే మొదటిసారి. ఆమె మాత్రం గుమ్మంలోంచే "పద్మజ మేడం!" అంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పదకొండు రోజులు నా పక్క బల్ల దగ్గర పనిచేసింది కదా.

నేను అన్నం తింటున్నాను. కాసేపు నన్నే చూసి నవ్వింది.

"ఇప్పుడు మంచిగ తింటున్నరు మేడం. అప్పుడు బాక్సే తెచ్చుకోకపోదురు. బువ్వ యాళ్లకు గా కిటికీ కాడ నిలవడి రోడ్డు దిక్కే సూస్తుందురు. నేను బతిమిలాడితే గూడ ఒక్క ముద్ద తినకపోదురు."

కిటికీలోంచి చూస్తే సందు మొగ, రోడ్డు, రోడ్డుకి అవతలి వైపు కాలిబాట కనిపిస్తాయి. రోజూ నేను దాటి నడిచిన వైపు అది.

ఎవరి కోసం చూసేదాన్నో ఎప్పుడైనా చెప్పానా అని అడిగాను.

"ఒక్కసారి చెప్పిన్రు. మా మనిషి ఒకామె ఎండల పని కోసం తిరుగుతుంది సరితా, అన్ని గేట్లకు పోతది గని మొహమాటానికి ఇటే రాదు, ఆమె వచ్చేదాంక ఈ జాగ ఎవలకూ పోకుండ సూడాలె అన్నరు." పాపను ఒళ్లో సర్దుకుంటూ మామూలుగా అడిగింది. "వచ్చిందా మేడం, ఆమె?"

నీళ్లు తాగాను. కళ్లు తుడుచుకున్నాను. ఆ ఎండలో నన్ను ఎవరూ చూడట్లేదనుకున్నాను నేను.

"వచ్చిందమ్మా" అన్నాను.