తినేవాళ్ళ వైపు చూడని మనిషి

మామిడికాయ తొడిమ విరవగానే చివ్వున చిమ్మే సొనకి ఒక వాసన ఉంటుంది చూడండి, ముక్కుకి ఘాటుగా, కాస్త పచ్చి ఆకు నలిపినట్టుగా. మొన్న వేసవిలో నరసన్నపేట దాటాక హైవే పక్కన ఒక తోటలో ఆ వాసన తగిలేసరికి నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే ఆగిపోయాను. ‘మీ పళ్ళు మీరే కోసుకోండి’ అని గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టిన తోట అది. మా అమ్మాయి సరదా పడితే వెళ్ళాం. లోపల మెడలో ఈల వేలాడేసుకున్న ఒకాయన మా వెనకే తిరుగుతూ, ఎవరు పండు నోటి దగ్గర పెట్టుకున్నా కళ్ళప్పగించి చూస్తున్నాడు. పాపం, ఆయన ఉద్యోగం అది, తప్పు పట్టను. కానీ ఆయన అలా చూస్తుంటే నా చేతిలోని సువర్ణరేఖ పండు నాకు గొంతు దిగలేదు. పైడమ్మ పెద్దమ్మ ఉండి ఉంటే ఆ మనిషిని భుజం పట్టుకుని అటు తిప్పేసేది.

పైడమ్మ పెద్దమ్మ మాకు చుట్టం కాదు. చీపురుపల్లిలో మా పుట్టింటి పక్కిల్లు ఆవిడది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. భర్త పోయాక ఊరి బయట మెట్టలో ఉన్న మామిడితోట ఆవిడే చూసుకునేది. మొదట్లో పూత మీదే పంటంతా వ్యాపారికి ఇచ్చేసేదట. ఒక ఏడు ఆ వ్యాపారి మాట తప్పాడని ఒళ్ళు మండి ఎవరికీ ఇవ్వకుండా కూర్చుంది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి కారులో వెళ్తున్న ఓ కుటుంబం తోట దగ్గర ఆగి, మేమే కోసుకోవచ్చా అని అడిగింది. కోసుకోండి బాబూ, సెట్లకేటి నొప్పా, అందట ఈవిడ. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు, వాళ్ళు మరొకళ్ళకి ఫోనులో ఫొటోలు పంపారు. నేను తోటకి వెళ్ళేనాటికి ఆదివారం వచ్చిందంటే గట్టు పొడుగునా కార్లే.

నేను వెళ్ళింది పళ్ళు తినడానికి కాదు. పెళ్ళయి రెండేళ్ళకి, రాజాం దగ్గరున్న మెట్టినింటి నుంచి ఒంట్లో బాగాలేదని వచ్చేసి, ఇక వెళ్ళనని భీష్మించుకుని కూర్చున్నాను. ఎందుకే అంటే అమ్మకి చెప్పలేకపోయేదాన్ని. ఏమని చెప్పను? ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నేను అన్నం తింటుంటే మా అత్త నా కంచంలోకి చూసేది, అంతే. నా చెయ్యి గిన్నె వైపు వెళ్తే ఆవిడ కళ్ళు కూడా నా చేతితో పాటే వెళ్ళేవి. “ఇంకా కావాలేటి?” అనేది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, కానీ ఆ మాట విన్నాక ఎవరి చెయ్యి ముందుకి వెళ్తుంది? మా ఆయన ఎరువుల కొట్టు నుంచి వచ్చేసరికి మా తిళ్ళు అయిపోయేవి, ఆయనకి ఇవేవీ తెలియవు. చివరికి వంటగదిలో నిలబడి నాలుగు మెతుకులు మింగడం అలవాటైంది. పుట్టింటికి వచ్చినా ఆ జబ్బు వదల్లేదు. కన్నతల్లి ఎదురుగా కూర్చున్నా నాకు ముద్ద దిగేది కాదు. ఇలా అయితే ఏ ఇంట్లోనైనా ఎలా బతుకుతానని నాకే భయం వేసేది.

అమ్మ ఏడుస్తుంటే గోడ అవతల నుంచి విని, పైడమ్మ పెద్దమ్మ వచ్చి నన్ను తోట పనికి పిలిచింది. ఆడగుంట ఇంట్లో కూకుని గోడలు సూస్తే ఏటొస్తాది, నాతో పంపించీ, అంది. అలా నేను తోటకి వచ్చేవాళ్ళకి బుట్టలూ, పళ్ళు కోసే చిక్కం కట్టిన గెడలూ ఇచ్చే పనిలో చేరాను.

వచ్చినవాళ్ళకి గేటు దగ్గరే ఆవిడ సంగతంతా చెప్పేసేది. చెట్టు కింద తిన్నంత మీది, మోసుకెళ్ళేదానికే బేరం. కోసిన పండు మాత్రం పారెయ్యకూడదు. పుల్లగా ఉంటే నాకిచ్చీండి, పప్పులో ఏసుకుంటాను. సొన కారిపోయేదాకా ఆగండి, లేపోతే మూతి పొక్కుతాది, అని పిల్లలకి మరీ మరీ చెప్పేది. అంతా చెప్పి, నులకమంచం మీద తోటకి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చునేది. ఎవరు ఎంత తింటున్నారో చచ్చినా చూసేది కాదు.

అంత పెద్దావిడ తినకుండా కూర్చుంటే వచ్చినవాళ్ళకి మొహమాటంగా ఉండేది కదా. మంచి పండు ఏరి, మీరూ తీసుకోండమ్మా అని తెచ్చేవారు. కాశీలో మామిడిపండు వదిలేసినాను బాబూ అని దండం పెట్టేది. వాళ్ళు ఎంతో భక్తిగా తలూపి వెళ్ళిపోయేవారు. ఆవిడ జన్మలో సింహాచలం దాటి వెళ్ళలేదు. ఎందుకలా అబద్ధం అంటే, లేపోతే ఆల్లు తినడం మానేసి నన్ను మేపుతారే అని నవ్వేది. సాయంత్రం తోట ఖాళీ అయ్యాక, ఆ కాశీ వెళ్ళొచ్చినావిడ మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తినేది.

తోట కాపరి రాములుకి మాత్రం ఈ పద్ధతి నచ్చేది కాదు. ఒక ఆదివారం నీలం చొక్కా ఆయనొకడు చెట్టు కింద చేరి లేవడం లేదు. రాములు వచ్చి, అమ్మా, ఆ బాబు బుట్టలో ఏసింది తక్కువ, పొట్టలో ఏసింది ఎక్కువ, టెంకలు లెక్కెట్టి సెప్పమంటారా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మకి రాలేదు. రాముల్ని ఇంకా దగ్గరికి పిలిచి, గొంతు బాగా తగ్గించి అంది.

“తినేవోడి నోటేపు సూడకురా. నువ్వు సూసినావంటే ఆడు తిన్నది పండు కాదు, నీ సూపు.”

నేను బుట్టలు సర్దుతున్నదాన్ని అలాగే ఉండిపోయాను. రెండేళ్ళు నేను తిన్నది అదే. దానికి పేరు పెట్టడం నాకు చేతకాలేదు, ఈవిడ ఎవరికో చెబుతూ ఒక్క మాటలో చెప్పేసింది. మోటారు షెడ్డు వెనక్కి వెళ్ళి బాగా ఏడ్చాను.

ఆ షెడ్డు వెనకే నేను రోజూ మధ్యాహ్నం దొంగలా క్యారేజీ విప్పుకునేది. సగం కుక్కకి పెట్టి ఖాళీ గిన్నె తీసుకెళ్ళేదాన్ని. ఆ మర్నాడు నేను అక్కడ కూర్చునేసరికి పెద్దమ్మ తన గిన్నె పట్టుకుని వచ్చింది. గబుక్కున గిన్నె మీద మూత పెట్టేశాను. ఆవిడ నా వెనక్కి వచ్చి, వీపుకి వీపు ఆనించి చతికిలబడింది. నేనేటీ సూడను, నువ్వూ నన్ను సూడకు, నాకూ సిగ్గే, అంది. ఆవిడకి సిగ్గేమిటి! ఆవిడ నమలడం వీపులోంచి తెలుస్తోంది. పచ్చిమిరపకాయ కొరికి హా అనుకోవడం వినిపిస్తోంది. నేను ఒక ముద్ద మింగాను, ఇంకోటి మింగాను. రోజూ అలాగే కూర్చునేవాళ్ళం. కొన్నాళ్ళకి అటు తిరిగే, మీ యమ్మ ఏటి కూర సేసిందే అని చెయ్యి వెనక్కి చాపడం మొదలుపెట్టింది. ఆ చేతిలో కూర పెట్టేదాన్ని. ఎప్పుడు ఎదురెదురుగా తిరిగి కూర్చున్నామో గుర్తులేదు. మామిడికాయ పప్పుతో గిన్నె ఊడ్చేసి, ఇంకా ఉందా పెద్దమ్మా అని అడిగిన రోజు మాత్రం గుర్తుంది. ఆవిడ తన గిన్నె నా ముందుకి తోసి, ముక్కు చీదుకుంటూ లేచి వెళ్ళింది.

కాపు అయిపోవస్తున్న రోజుల్లో మా ఆయనా, మా అత్తా నన్ను తీసుకెళ్ళడానికి తిన్నగా తోటకే వచ్చారు. దూరం నుంచి చూసి బుట్టల వెనక్కి తప్పుకున్నాను. పెద్దమ్మ వాళ్ళని కడిగేస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే కడిగెయ్యాలని కోరుకున్నాను. ఆవిడేమో మామూలుగా వచ్చేవాళ్ళకి చెప్పినట్టే తోట సంగతంతా చెప్పి, మా అత్తని చాప మీద కూర్చోబెట్టి, ముందు పళ్ళ బేసిన్ పెట్టింది. అల్లుడికి సెట్లు సూపిస్తానని మా ఆయన చేతికి గెడ ఇచ్చి అవతలికి తీసుకెళ్ళింది. వెళ్తూ నా చెవి దగ్గర వంగి, మీ యత్తకి నీల్లిచ్చి అటు తిరిగి కూకో, అంది.

ఎంత కోపం వచ్చిందో! నా కంచం లోపలికి చూసిన మనిషికి నేను మర్యాద చెయ్యాలా? అటు తిరగబుద్ధి కాలేదు. ఎదురుగా కూర్చుని, కళ్ళార్పకుండా ఆవిడ నోటి వైపే చూడాలని ఉంది. కానీ ఆ తోటలో ఎవరికీ అలా జరగడం నేను చూడలేదు. చెంబుతో నీళ్ళు పెట్టి, కోపం దిగమింగుకుని అటు తిరిగి కూర్చున్నాను.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పండు పిసుకుతున్న చప్పుడు. జుర్రుకోవడం. టెంక బేసిన్‌లో పడింది. అప్పుడు వెనక నుంచి చాలా చిన్న గొంతు వినిపించింది.

“ఇంకోటి తీసుకోనా?”

అడిగింది మా అత్త, అడిగింది నన్ను. ఆ గొంతు నాకు తెలుసు. అది ఆవిడ ఇంట్లో రెండేళ్ళు నాది.

అడగక్కర్లేదత్తా, తినండి, అన్నాను. తిరిగి చూడలేదు. ఆవిడ ఇంకోటి తింది, మరొకటి కూడా తింది. తింటూ తింటూ, నాతోనో తనతోనో తెలియకుండా, పండు మగోల్లకి, టెంకలు మాకు, మా యత్త ముందర కూకుని ఆ టెంకలు కూడా లెక్కెట్టీది, అంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. నేను లేచి వెళ్ళి కావలించుకోలేదు. అంత మంచిదాన్ని కాదు. కానీ ఆవిడ చేతులు కడుక్కునేదాకా అటే తిరిగి కూర్చున్నాను.

ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచింది.

“ఎల్తావో ఎల్లవో నీ ఇష్టం. ఎల్తే మాత్రం అన్నం కాడ తలొంచుకోకు.”

వెళ్ళాను. ఇంటికి చేరిన రాత్రి, ఇకమీదట మనిద్దరం కలిసే తిందాం అత్తా అని రెండు కంచాలూ నేనే పెట్టాను. గిన్నెలన్నీ మధ్యలో పెట్టాను. మా అత్త కూర్చుంది. కూర్చుని, ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు తటపటాయించి, గోడ వైపు తిరిగింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత తిరగక్కర్లేదత్తా, మీ కంచంలోకి మీరు చూసుకుంటే చాలు, అన్నాను. చాలా రోజులు పట్టింది ఆవిడకి. మధ్యలో పాత చూపు వచ్చేసేది, నేను గరిటె కింద పెట్టేదాన్ని, ఆవిడ గబుక్కున తల తిప్పేసుకునేది.

పైడమ్మ పెద్దమ్మ పోయి కొన్నేళ్ళయింది. నిద్రలోనే పోయిందని అమ్మ ఫోను చేసింది. ఆవిడ నాకు మామిడి చెట్ల గురించి ఏమీ నేర్పలేదు, ఇప్పటికీ ఆకు చూసి రకం చెప్పమంటే చెప్పలేను. ఒక మనిషి ముందు తిండి పెట్టాక నా కళ్ళు ఎక్కడ ఉంచుకోవాలో నేర్పింది.

పోయినేడు మా అత్తకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడు నేనే కలిపి పెట్టాలి. మొదటి రోజు ఆవిడ నోరు తెరవలేదు, సిగ్గుతో కళ్ళు మూసుకుంది. నాకు అర్థమైంది. ముద్ద ఆవిడ పెదవుల దాకా తీసుకెళ్ళి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. కాసేపటికి చెయ్యి తేలికైంది. అలాగే చూడకుండా ఇంకోటి కలిపాను, మరొకటి కలిపాను. గిన్నెలో చెయ్యి ఆడిస్తూ ఇక చాలేమో అనుకుంటుంటే, వంకర పోయిన నోటితో, మాట సరిగా రాకపోయినా, మా అత్త గట్టిగా అంది:

“ఇంకా ఎట్టే, ఆకలేస్తంది.”