యుద్ధం మధ్యలో లేవకూడదు

భవానీపురంలో కేసెట్ల ఇమామ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. దుకాణానికి ఎవరొచ్చినా తన యుద్ధం కేసెట్టు మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తాడు. మధ్యలో లేవనివ్వడు.

ఆ కేసెట్టు అతని బావమరిది మస్కట్ నుంచి తెచ్చాడు. ఇంగ్లీషు పాటలు. ఆ హోరు సంగీతాన్ని ప్రోగ్రెసివ్ మెటల్ అంటారట. పాటలన్నీ కలిపి ఒకే కథ. దానియేలు అనే కుర్రాడు ఊరొదిలి యుద్ధానికి వెళ్తాడు. లోపలున్న పాటల కాగితాన్ని ఇంటర్ చదివే కూతురు ఫౌజియా నిఘంటువు పట్టుకుని విడమరిచి చెప్పింది. ఆ రోజు నుంచి భవానీపురానికి ప్రశాంతత లేదు.

"పల్లవి ఎప్పుడొస్తుందయ్యా?" అని జనం అడిగేవారు.

"రాదండీ. ఇది కథ."

"వాడెందుకలా అరుస్తున్నాడు?"

"అమ్మ గుర్తొచ్చిందండీ. ష్, అదిగో ఫిరంగులు!"

బసవపున్నయ్య కూతురి నిశ్చితార్థానికి సన్నాయి మేళం కేసెట్టు కోసం వచ్చి, పాపం, దొరికిపోయాడు. సగంలో లేవబోతే ఇమామ్ చొక్కా పట్టుకున్నాడు. "కూర్చోండి! దానియేలు కందకంలో ఉంటే మీరు ఇంటికెళ్ళిపోతారా?" యుద్ధం ముగించుకుని ఇల్లు చేరేసరికి అక్కడ పళ్ళెం మీద గరిటెతో వాయించి తాంబూలాలు మార్చేసుకున్నారు. బసవపున్నయ్య మేళం కేసెట్టు తెచ్చి ఇమామ్ మొహాన కొట్టి వెళ్ళాడు.

ఇమామ్‌కి ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఒరిజినల్ కేసెట్టు నెత్తిమీద రెండు చిన్న గుంటలుంటాయి. వాటిలో కాగితం కుక్కితే దానిమీద వేరే పాట ఎక్కించొచ్చు. "అలా చేసినవాడికి నరకమే" అనేవాడు.

పక్క దుకాణం వీరభద్రయ్యది. చేనేత చీరలమ్ముతాడు. ఇద్దరికీ మధ్య గోడ ఒక్కటే.

"ఇమామూ, నీ ఫిరంగులకి నా మంగళగిరి చీరలు అరల్లోంచి దూకుతున్నాయయ్యా!"

"ఒక్కసారి లోపలికొచ్చి వినండి బాబాయ్ గారూ."

"గోడ వింటోందిగా, చాల్లే."

తొంభైతొమ్మిది వేసవిలో నిజం యుద్ధమే వచ్చింది. వీరభద్రయ్య కొడుకు, సైన్యంలో ఉన్న సాయిగణేష్, కార్గిల్ వైపు వెళ్ళాడు. ఆ తర్వాత ఫోన్ లేదు. వీరభద్రయ్య దుకాణంలో ఫోన్ ముందు కూర్చుని, చీర అడిగినవాళ్ళకి తువ్వాలు తీసి చూపించేవాడు. బెంగతో అన్నం సహించేది కాదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఇమామ్ దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ కుర్రాడి కథ పెట్టవయ్యా."

తనంతట తాను అడిగి వచ్చిన మొదటి శ్రోత! ఇమామ్ గంతులెయ్యాలి. కానీ అతని మొహం పాలిపోయింది. చివరి పాటలో దానియేలు తిరిగి రాడు.

అయినా పెట్టాడు. ఫిరంగులు పేలాయి, కందకంలో వాన పడింది, తల్లి గుమ్మంలో నిలబడింది. వీరభద్రయ్య ముందుకి వంగాడు. "ఇంటికొస్తాడా?"

ఇమామ్ టక్కున మీట నొక్కాడు. "కరెంటు పోయిందండీ."

వీరభద్రయ్య తలెత్తి చూశాడు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు ఇంత దగ్గరుండి ఏం లాభం చెప్పండి!" అన్నాడు ఇమామ్, ఆ ఫ్యాను గాలికి ఎగురుతున్న బిల్లులు ఏరుకుంటూ.

"అవునయ్యా, దిక్కుమాలిన కరెంటు" అన్నాడు వీరభద్రయ్య. ఫోన్ ఆగిన దగ్గర్నుంచి అతనికి నవ్వు రావడం అదే మొదటిసారి.

మర్నాడూ వచ్చాడు. మర్నాడూ సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. నిజం చెప్పాలంటే, అతను రోజూ వచ్చేది ఆ కరెంటు కోత కోసమే.

చివరికి ఒక రోజు ఫోన్ మోగింది. "నాన్నా, బాగానే ఉన్నా. చీరలు అమ్ముతున్నావా, ఊరికే కూర్చున్నావా?" వీరభద్రయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పక్క దుకాణంలోకి పరిగెత్తాడు.

"ఇమామూ! మావాడు మాట్లాడాడు! ఇంక నాకు భయం లేదు. ఆ చివరి పాట పెట్టు!"

"అబ్బే, ఇప్పుడు కరెంటు..."

"ఫ్యాను తిరుగుతోందయ్యా!" అంటూ, నిన్న ఆగినచోటే ఉన్న కేసెట్టు మీట తనే నొక్కాడు.

పీపీపీ! డుండుం! సన్నాయి మేళం!

వీరభద్రయ్య కేసెట్టు బయటికి లాగి చూశాడు. గుంటలు రెండింట్లోనూ కాగితం కుక్కి ఉంది.

"ఈ పని నువ్వు చేశావా?"

ఇమామ్ తల వంచుకున్నాడు. "నేను నమాజుకెళ్ళినప్పుడు మీరే నొక్కేస్తారేమోనని భయమేసిందండీ. బసవపున్నయ్య గారి మేళం చేతికి దొరికితే ఎక్కించేశాను."

"మరి దానియేలు?"

"ఇంటికొచ్చేశాడండీ. పెళ్ళి జరుగుతోంది."

వీరభద్రయ్య కేసెట్టు మళ్ళీ లోపల పెట్టి, శబ్దం గోడ అదిరేంత పెంచాడు. పక్కన తన చీరలు దబదబా పడుతున్నా లెక్కచెయ్యలేదు.

"ఉండండి, టీ చెప్పొస్తాను" అని ఇమామ్ లేచాడు.

వీరభద్రయ్య అతని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చో! అక్కడ దానియేలు తాళి కడుతుంటే లేచిపోతావా?"